ప్రొపెల్లర్లపై బార్నకిల్స్

బార్నకిల్స్ సముద్రపు నీటిలో రాళ్ళకు, కొయ్యదుంగలకు, వంతెన స్తంభాలకు, ఓడల అడుగుభాగాలకు అంటుకొని పెరిగే చిన్న గుల్ల జీవులు. ఇవి పడవను నడిపించే ప్రొపెల్లరుపైన, దానిని త్రిప్పే షాఫ్టుపైన పెరిగినప్పుడు పడవ వేగం తగ్గుతుంది, ఇంధనం ఎక్కువగా ఖర్చవుతుంది, ఇంజనుపై భారం పెరుగుతుంది, కాలక్రమంలో లోహభాగాలు కూడా దెబ్బతింటాయి. నీటిలో మునిగి ఉండే వస్తువులపై ఈ విధంగా జీవులు పేరుకొనడాన్ని బయోఫౌలింగ్ అని పిలుస్తారు.

పడవ అడుగుభాగానికి వాడే రంగులు ప్రొపెల్లరుపై ఎక్కువ కాలం నిలవవు. పైగా ప్రొపెల్లరును లోహక్షయం నుండి కాపాడటానికి అమర్చే జింకు దిమ్మలే బార్నకిల్స్ పెరుగుదలకు అనుకూలమైన పరిస్థితిని కల్పిస్తాయి. అందువలన ప్రొపెల్లరు రక్షణను పడవలోని మిగిలిన భాగాల రక్షణ నుండి వేరుగా పరిగణించవలసి ఉంటుంది.

బార్నకిల్ జీవి

పైకి నత్తగుల్ల వలె కనిపించినప్పటికీ బార్నకిల్ నత్తల జాతికి చెందినది కాదు. ఇది రొయ్యలు, పీతలతో పాటు ఆర్థ్రోపొడా వర్గంలోని క్రస్టేషియా విభాగానికి చెందినది. గట్టి పెంకును బట్టి పూర్వపు శాస్త్రవేత్తలు దీనిని మొలస్కా వర్గంలో చేర్చారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ దీని డింభకాలను పరిశీలించి, అవి క్రస్టేషియన్ల డింభకాలను పోలి ఉన్నాయని గుర్తించడంతో ఈ పొరపాటు తొలగిపోయింది. ప్రఖ్యాత ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ 1846 నుండి 1854 వరకు ఎనిమిది సంవత్సరాలపాటు బార్నకిల్స్‌పై పరిశోధన చేసి, 1851, 1854లలో వాటిని గురించి విపులమైన గ్రంథాలు ప్రచురించాడు.

ఎదిగిన బార్నకిల్ చుట్టూ సున్నపు పలకలతో ఏర్పడిన, శంకువు ఆకారంలో ఉండే కవచం ఉంటుంది. పైభాగంలోని తలుపుల వంటి పలకలను తెరచి, ఈకల వంటి ఆరు జతల కాళ్ళను బయటకు చాపి, నీటిలోని ప్లవకాలను పట్టి తింటుంది. నీరు లేనప్పుడు లేదా ప్రమాదం ఎదురైనప్పుడు ఈ పలకలను గట్టిగా మూసుకొంటుంది. దీనివలననే ఇది ఎండను, మంచినీటిని కూడా కొంతకాలం తట్టుకోగలదు. వెచ్చని సముద్రాల ఓడరేవులలో సాధారణంగా కనిపించే జాతి ఆంఫిబలానస్ ఆంఫిట్రైట్. దీని పెంకుపై నిలువుగా ఊదారంగు చారలు ఉంటాయి.

అంటుకొనే విధానం

బార్నకిల్స్‌లో చాలా జాతులు ఉభయలైంగిక జీవులు. గుడ్ల నుండి వెలువడిన నాప్లియస్ డింభకం నీటిలో ఈదుతూ, ఆరు దశలలో పెరిగి, చివరకు సిప్రిడ్ డింభకంగా మారుతుంది. సిప్రిడ్ ఆహారం తీసుకోదు. తగిన స్థలాన్ని వెదకి స్థిరపడటమే దాని పని. అది తన స్పర్శశృంగాలతో ఉపరితలంపై నడుస్తూ ఆ చోటును పరీక్షిస్తుంది. అనుకూలంగా లేకపోతే విడిచిపోతుంది. అనుకూలమని తోస్తే తలక్రిందులుగా నిలిచి, నీటిలోనే గట్టిపడే ప్రోటీను జిగురును స్రవించి శాశ్వతంగా అంటుకొంటుంది. ఆ తరువాత రూపం మార్చుకొని పెంకును నిర్మించుకొంటుంది.

సిప్రిడ్‌ల ప్రవర్తనలో రెండు విషయాలు పడవ యజమానులకు ముఖ్యమైనవి. మొదటిది, అవి తమ జాతి బార్నకిల్స్ ముందే ఉన్న చోటును ఇష్టపడతాయి. పాత బార్నకిల్స్ పెంకులలోని ఒక రకమైన ప్రోటీను వాటిని ఆకర్షిస్తుంది. అందువలన తొలగించిన బార్నకిల్ అడుగు పలక లోహంపై మిగిలిపోతే, అది తరువాతి తరానికి ఆహ్వానం వంటిది. రెండవది, వేగంగా కదిలే ఉపరితలాలపై అవి స్థిరపడలేవు. రేవులో పడవ కదలకుండా నిలిచి ఉన్న రోజులలోనే ప్రొపెల్లరుపై బార్నకిల్స్ పాదుకొంటాయి. ఒకసారి గట్టిగా అంటుకొన్న తరువాత పడవ నడిచినా అవి సులభంగా ఊడిపోవు.

ఉష్ణమండల సముద్రాలలో బార్నకిల్స్ సంవత్సరంలో చాలా భాగం సంతానోత్పత్తి చేస్తాయి. కనుక చల్లని దేశాలలో వలె శీతకాలపు విరామం ఇక్కడ లభించదు.

ప్రొపెల్లరుకు కలిగే నష్టం

ప్రొపెల్లరు రెక్క అడ్డుకోతలో విమానపు రెక్కను పోలి ఉంటుంది. నునుపైన రెక్క మీదుగా నీరు సాఫీగా జారినప్పుడే ఇంజను శక్తిలో అధిక భాగం పడవను ముందుకు నెట్టడానికి ఉపయోగపడుతుంది. రెక్కపై బార్నకిల్స్ పెరిగితే నీటి ప్రవాహం చెదిరి, రెక్కను త్రిప్పడానికి ఎక్కువ బలం అవసరమవుతుంది, నెట్టే బలం మాత్రం తగ్గుతుంది. పడవ మొత్తం వైశాల్యంతో పోలిస్తే ప్రొపెల్లరు వైశాల్యం చాలా స్వల్పం. అయినప్పటికీ ఇంజను శక్తి అంతా దాని ద్వారానే నీటికి చేరుతుంది. కనుక అక్కడి గరుకుదనం ప్రభావం దాని పరిమాణానికి మించి ఉంటుంది.

రెక్కలపై బార్నకిల్స్ సమానంగా పెరగవు. నీటి వేగం తక్కువగా ఉండే మధ్య బొడిపె వద్ద, రెక్కల మొదళ్ళ వద్ద ఎక్కువగా, కొనల వద్ద తక్కువగా ఉంటాయి. ఒక రెక్కపై ఎక్కువ, మరొక రెక్కపై తక్కువ పెరిగినప్పుడు ప్రొపెల్లరు సమతూకం తప్పి కంపనాలు పుడతాయి. ఈ కంపనాలు షాఫ్టు, బేరింగులు, గేరుపెట్టెల వరకు ప్రాకుతాయి.

అడుగుభాగంపై పెరిగే గుల్లలు కూడా ఇంతే నష్టదాయకం. అమెరికా శాస్త్రవేత్త మైఖేల్ షుల్ట్జ్ 2007లో ప్రచురించిన అంచనా ప్రకారం, దట్టంగా గుల్లలు పట్టిన ఒక యుద్ధనౌక అదే వేగంతో ప్రయాణించడానికి 86 శాతం వరకు అదనపు శక్తి అవసరం కావచ్చు.

షాఫ్టుకు కలిగే నష్టం

చాలా పడవలలో షాఫ్టు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయబడి ఉంటుంది. ఈ ఉక్కు తుప్పు పట్టకపోవడానికి కారణం, నీటిలోని ఆక్సిజన్ సహాయంతో దానిపై ఏర్పడే అతి పలుచని ఆక్సైడు పొర. బార్నకిల్ అంటుకొన్న చోట, దాని అడుగుకు ఆక్సిజన్ అందదు. అక్కడ రక్షక పొర చెడిపోయి, చుట్టూ ఉన్న లోహం మెరుస్తూనే ఉండగా గుల్ల క్రింద గుంటలు పడతాయి. పైకి కనిపించని ఈ గుంటల నుండే పగుళ్ళు మొదలై షాఫ్టు విరిగే ప్రమాదం ఉంది.

రబ్బరు బేరింగులు మరొక బలహీన స్థానం. షాఫ్టును మోసే ఈ బేరింగులు సముద్రపు నీటితోనే చల్లబడి, ఆ నీటినే కందెనగా వాడుకొంటాయి. వాటిలోని సన్నని గాడులలో బార్నకిల్స్ పెరిగి నీటి దారి మూసుకొనిపోతే రబ్బరు వేడెక్కి త్వరగా అరిగిపోతుంది. చాలాకాలం నిలిచి ఉన్న పడవ ఇంజనును హఠాత్తుగా నడిపితే, షాఫ్టుపై ఉన్న పదునైన పెంకులు రబ్బరును కోసివేస్తాయి.

చరిత్ర

కొయ్య ఓడల కాలంలో గుల్లల బెడద నుండి, కొయ్యను తొలిచే పురుగుల నుండి రక్షణకు బ్రిటిష్ నౌకాదళం రాగి రేకులను ఆశ్రయించింది. 1761లో అలారం అనే యుద్ధనౌక అడుగుభాగానికి ప్రయోగాత్మకంగా రాగి రేకులు తొడిగారు. రాగి సముద్రపు నీటిలో మెల్లగా కరుగుతూ ఉంటుంది. ఆ రాగి అయానులు డింభకాలకు విషం కనుక అడుగుభాగం శుభ్రంగా నిలిచింది. అయితే రాగి తగిలిన చోట ఓడకు కొట్టిన ఇనుప మేకులు తిని పోయాయి. ఈ లోపాన్ని సరిదిద్దుకొన్న తరువాత 1780 ప్రాంతానికి నౌకాదళమంతటా రాగి తొడుగు వాడుకలోకి వచ్చింది.

రాగి రేకులు కూడా కొంతకాలానికి అరిగిపోతూ ఉండటంతో, నౌకాదళం కోరికపై ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఆ సమస్యను పరిశీలించాడు. రాగికి జింకు లేదా ఇనుప ముక్కలను జతచేస్తే, అవి కరుగుతూ రాగిని కాపాడుతాయని 1824లో నిరూపించాడు. ప్రయోగం ఫలించి రాగి కరగడం ఆగిపోయింది. కాని అలా కాపాడబడిన ఓడల అడుగున బార్నకిల్స్, నాచు దట్టంగా పెరిగాయి. ఓడలు నెమ్మదించడంతో నౌకాదళం ఆ రక్షక ముక్కలను తొలగించింది. రాగి కరుగుతున్నంత వరకే అది గుల్లలను దూరంగా ఉంచగలదని ఈ ప్రయోగం వలన స్పష్టమయింది. డేవీ కనుగొన్న పద్ధతి తరువాతి కాలంలో ఓడలు, పైపులైన్ల రక్షణకు ప్రపంచమంతటా వ్యాపించింది.

ఇనుప ఓడలు వచ్చిన తరువాత, ఇనుముపై రాగి రేకులు తొడగడం వీలుకాక రాగి సమ్మేళనాలు కలిపిన రంగులు వాడుకలోకి వచ్చాయి. 1960ల నుండి ట్రైబ్యుటైల్ టిన్ అనే పదార్థం కలిపిన రంగులు ఎంతో సమర్థంగా పనిచేశాయి. అయితే ఫ్రాన్సులోని ఆర్కషోన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం ఈ విషం వలన దెబ్బతిన్నది. ఆడ నత్తలలో మగ అవయవాలు పెరగడం కూడా గమనించారు. 1982లో ఫ్రాన్సు చిన్న పడవలపై ఈ రంగులను నిషేధించింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ఒప్పందం 2008 సెప్టెంబరు 17న అమలులోకి వచ్చి, ఓడలపై వీటి వాడకాన్ని నిషేధించింది. 2023 జనవరి 1 నుండి సైబ్యుట్రిన్ అనే మరొక రసాయనం కూడా నిషేధ జాబితాలో చేరింది.

జింకు వలన కలిగే చిక్కు

డేవీ ఎదుర్కొన్న సమస్యే నేటి ప్రొపెల్లర్లలోనూ కనిపిస్తుంది. ప్రొపెల్లర్లను ఎక్కువగా మాంగనీసు కంచు, నికెల్-అల్యూమినియం కంచు వంటి రాగి మిశ్రమలోహాలతో పోతపోస్తారు. ఇవి తమంతట తాము కొంతవరకు బార్నకిల్స్‌ను నిరోధించగలవు. కాని కంచు ప్రొపెల్లరు, స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టు ఒకదానికొకటి తగిలి ఉప్పునీటిలో ఉన్నప్పుడు అవి విద్యుత్ ఘటం వలె పనిచేస్తాయి, కంచు క్రమంగా కరుగుతుంది. దీనిని నివారించడానికి షాఫ్టుకు జింకు దిమ్మను బిగిస్తారు. జింకు తాను కరిగిపోతూ కంచును, ఉక్కును రెండింటినీ కాపాడుతుంది. దీనినే ఆనోడు అంటారు.

కంచు కరగడం ఆగిన వెంటనే రాగి అయానుల విడుదల కూడా ఆగిపోతుంది. అప్పుడు డింభకాల దృష్టిలో ప్రొపెల్లరుకు, మామూలు రాయికి భేదం ఉండదు. బార్నకిల్స్ పెరుగుతున్నాయని జింకు దిమ్మలను తీసివేయడం మాత్రం పొరపాటు. బార్నకిల్స్‌ను గీకి తీసివేయవచ్చు, కాని తిని పోయిన రెక్కను తిరిగి తీసుకురాలేము. అందువలన జింకును ఉంచి, బార్నకిల్స్‌ను ఇతర మార్గాలలో ఎదుర్కొనడమే సరియైన పద్ధతి.

గుర్తించే లక్షణాలు

పడవ నీటిలో ఉన్నప్పుడు ప్రొపెల్లరు కంటికి కనిపించదు. కనుక క్రింది మార్పులను బట్టి బార్నకిల్స్ పెరుగుదలను అనుమానించవచ్చు:

• ఇంజను అదే వేగంతో తిరుగుతున్నా పడవ నెమ్మదిగా సాగడం.
• పూర్తిగా ఇంధనం అందించినా ఇంజను తన గరిష్ఠ భ్రమణ వేగాన్ని చేరుకోలేకపోవడం.
• పొగగొట్టం నుండి నల్లని పొగ రావడం, ఇంజను వేడెక్కడం.
• పడవ వెనుక భాగంలో కొత్తగా కంపనాలు, శబ్దం కలగడం.

ఇవే లక్షణాలు రెక్క వంగినా, వలత్రాడు చుట్టుకొన్నా కూడా కనిపించవచ్చు. కనుక నేరుగా పరిశీలించి నిర్ధారించుకోవాలి.

తొలగించే పద్ధతులు

గట్టుపై తొలగించడం

పడవను స్లిప్‌వే లేదా డ్రైడాక్‌పైకి తెచ్చిన వెంటనే, గుల్లలు తడిగా ఉండగానే పని ప్రారంభించాలి. ఎండిన తరువాత జిగురు మరింత గట్టిపడుతుంది. పనికి ముందు ఇంజను ఎవరూ నడపకుండా బ్యాటరీని విడదీసి, తాళంచెవిని తీసివేయాలి. సాధారణంగా పాటించే క్రమం ఇది:

1. కొయ్య లేదా గట్టి ప్లాస్టిక్ గీకుడు పలకతో గుల్లలను ఊడగొట్టాలి. ఉలి, సుత్తి వాడితే రెక్క అంచులు దెబ్బతింటాయి. అంచున ఏర్పడిన చిన్న నొక్కు కూడా ప్రొపెల్లరు పనితీరును మారుస్తుంది.
2. అధిక పీడనంతో నీటిని చిమ్మి కడగాలి.
3. లోహంపై మిగిలిన తెల్లని వలయాలను తొలగించాలి. ఇవి బార్నకిల్ అడుగు పలకలు, కాల్షియం కార్బొనేటుతో ఏర్పడినవి. నీటితో పలుచన చేసిన ఫాస్ఫారిక్ ఆమ్లం వీటిని కరిగిస్తుంది. ఆ తరువాత మంచినీటితో బాగా కడగాలి.
4. సన్నని గరుకు కాగితంతో రుద్ది, నునుపుగా మెరుగు పెట్టాలి.
5. రెక్కలను, షాఫ్టును నిశితంగా పరిశీలించాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టుపై హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వాడరాదు. అందులోని క్లోరైడు గుంటలు పడటానికి కారణమవుతుంది. ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీటిలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి తప్ప ఆమ్లంలో నీటిని పోయరాదు. ఆమ్లాన్ని బ్లీచింగు పదార్థాలతో కలిపితే విషవాయువు వెలువడుతుంది.

శుభ్రపరచిన కంచుపై గులాబీరంగు మచ్చలు కనిపిస్తే, మిశ్రమలోహంలోని జింకు కరిగిపోయి గుల్లబారిన రాగి మాత్రమే మిగిలిందని అర్థం. అటువంటి రెక్క బలహీనంగా ఉంటుంది. దానిని నిపుణులకు చూపాలి. షాఫ్టుపై గుల్లలు ఉన్న చోట గుంటలు పడ్డాయేమో చూడాలి. బేరింగు గాడులను శుభ్రపరచి, షాఫ్టును చేతితో త్రిప్పి, అది సులువుగా తిరుగుతున్నదని నిర్ధారించుకొన్న తరువాతనే ఇంజనును నడపాలి.

నీటిలో తొలగించడం

పెద్ద ఓడలను తరచుగా డ్రైడాక్‌కు తీసుకురావడం సాధ్యం కాదు. వాటి ప్రొపెల్లర్లను గజ ఈతగాళ్ళు నీటిలోనే యంత్రాలతో రుద్ది మెరుగు పెడతారు. రెక్కల నునుపును పోల్చి చూడటానికి రూపర్ట్ స్కేలు అనే నమూనా పలకలను వాడతారు. ఇందులో ఎ నుండి ఎఫ్ వరకు ఆరు స్థాయిలు ఉంటాయి. ఎ అతి నునుపైనది, ఎఫ్ అతి గరుకైనది. శిక్షణ లేనివారు పడవ క్రింద మునిగి ఈ పని చేయడం ప్రమాదకరం.

గాయాల పట్ల జాగ్రత్త

బార్నకిల్ పెంకు అంచులు కత్తుల వలె ఉంటాయి. సముద్రపు నీటిలోని విబ్రియో వంటి బాక్టీరియా ఈ గాయాల ద్వారా శరీరంలో ప్రవేశించవచ్చు. కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇది ప్రాణాంతకం కావచ్చు. మందపాటి చేతితొడుగులు, కళ్ళజోడు ధరించాలి. గాయం అయితే మంచినీరు, సబ్బుతో కడగాలి. వాపు, జ్వరం కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి.

నివారణ పద్ధతులు

పడవను తరచుగా నడపడం: ఇది ఖర్చు లేని పద్ధతి. కొద్ది రోజులకొకసారి ప్రొపెల్లరు తిరుగుతూ ఉంటే, ఇంకా గట్టిగా పాదుకొనని లేత బార్నకిల్స్ కొన్ని రాలిపోతాయి, కొత్తవి స్థిరపడటం తగ్గుతుంది.

మెరుగు పెట్టడం: నునుపైన ఉపరితలం బార్నకిల్స్‌ను పూర్తిగా ఆపలేదు. కాని వాటి పట్టు సడలుతుంది, శుభ్రపరచడం తేలిక అవుతుంది.

సిలికాన్ పూతలు: వీటిలో విషం ఉండదు. ఇవి ఉపరితలాన్ని జారుడుగా చేసి, జిగురు గట్టిగా పట్టకుండా చూస్తాయి. పడవ వేగంగా సాగినప్పుడు నీటి ఒరిపిడికి గుల్లలు ఊడిపోతాయి. కనుక ఎప్పుడూ రేవులోనే నిలిచి ఉండే పడవకు వీటి వలన ప్రయోజనం తక్కువ. పూతకు ముందు లోహాన్ని బాగా శుభ్రపరచి, తగిన ప్రైమరు వేయాలి. గీతలు పడితే పూత లేచిపోతుంది.

రాగి రంగులు: అడుగుభాగానికి ఇవి ఉపయోగపడినా, తిరిగే రెక్కలపై నీటి ఒరిపిడికి త్వరగా ఊడిపోతాయి. అల్యూమినియం భాగాలపై రాగి రంగు వాడితే అల్యూమినియం తిని పోతుంది. కనుక అటువంటి భాగాలకు రాగి లేని రంగులనే ఎంచుకోవాలి.

మెడెటొమిడిన్: రంగులలో కలిపే ఈ పదార్థం సిప్రిడ్‌ను చంపదు. దాని నాడీవ్యవస్థను ఉత్తేజపరచి, స్థిరపడనీయకుండా ఈదుతూనే ఉండేటట్లు చేస్తుంది.

గ్రీజు, లానోలిన్: కొందరు వీటిని ప్రొపెల్లరుకు పూస్తారు. ఇవి చవకైనవే కాని, రెక్కలు తిరుగుతున్న కొద్దీ కొట్టుకొనిపోతాయి.

అతిధ్వనులు: పడవ లోపల అమర్చిన పరికరాలతో అతిధ్వనులను పంపి జీవులు స్థిరపడకుండా చేసే పద్ధతి కూడా ఉంది. దీని ఫలితాలు అన్ని చోట్ల ఒకే విధంగా లేవు.

ఏ పద్ధతి పాటించినా జింకు దిమ్మలపై రంగు గాని, పూత గాని వేయరాదు. పూత వేసిన జింకు పనిచేయదు. దిమ్మ సగం అరిగిన తరువాత దానిని మార్చడం మంచిది.

పర్యావరణ అంశాలు

గీకిన వ్యర్థాలను తిరిగి రేవులో పారవేయడం వలన రెండు నష్టాలు ఉన్నాయి. వాటిలో ఉన్న రంగు తునకల విషం అడుగు బురదలో చేరుతుంది. బ్రతికి ఉన్న పరదేశపు జీవులు కొత్త చోట స్థిరపడే అవకాశమూ ఉంది. అమెరికా ఖండపు ఉష్ణమండల అట్లాంటిక్ తీరానికి చెందిన మైటిలోప్సిస్ సాల్లై అనే ఆల్చిప్ప 1960ల చివరి సంవత్సరాలలో విశాఖపట్నం నౌకాశ్రయంలో కనిపించింది. ఇది ఓడల ద్వారానే వచ్చిందని భావిస్తారు. ఇటువంటి వ్యాప్తిని తగ్గించడానికి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2011లో మార్గదర్శక సూత్రాలను వెలువరించి, 2023లో వాటిని సవరించింది.

ఆంధ్ర తీరంలో

విశాఖపట్నం నౌకాశ్రయంలో ఓడలకు అంటుకొనే జీవులపై ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, ఎం.వి. లక్ష్మణరావు, ఆర్. నాగభూషణంల అధ్యయనం 1958లో ప్రచురితమయింది. విశాఖపట్నం, కాకినాడ వంటి రేవులలో మరపడవలు నిరంతరం ఉప్పునీటిలోనే ఉంటాయి కనుక వాటికి ఈ బెడద ఎక్కువ. వేట ముగియగానే ఇసుకపైకి లాగివేసే తెప్పలకు, గోదావరిలో మంచినీటి భాగంలో తిరిగే పడవలకు బార్నకిల్స్ సమస్య లేదు.

తూర్పు తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. పడవల మరమ్మతులకు ఇదే అనువైన కాలం. ఈ రోజులలో గట్టుపైకి చేర్చిన పడవపై ఉన్న బార్నకిల్స్ ఎండకు చనిపోతాయి. ప్రొపెల్లరును శుభ్రపరచి, షాఫ్టును పరిశీలించి, జింకు దిమ్మలను మార్చుకొనే వీలు కలుగుతుంది. రెండు నెలలూ రేవు నీటిలోనే కదలకుండా నిలిచిన పడవపై మాత్రం, డింభకాలు స్థిరపడటానికి కావలసిన అవకాశమంతా లభిస్తుంది. అటువంటి పడవను తిరిగి వేటకు పంపే ముందు ప్రొపెల్లరును, బేరింగులను తప్పక పరీక్షించాలి.

ఇవి కూడా చూడండి

• క్రస్టేషియా
• చార్లెస్ డార్విన్
• హంఫ్రీ డేవీ
• లోహక్షయం
• విశాఖపట్నం నౌకాశ్రయం